పాత అలంకార లేత్: తేడా ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

చెక్క మీద డిజైన్లు కోసే అలంకార లేత్, అదీ హోల్ట్‌జాప్ఫెల్ కంపెనీది లాంటి పాత లండన్ మిషన్, చిత్తూరు తుక్కు అంగట్లో కంటబడినా సరే, బరువు చూసి బేరమాడొద్దు. చుట్టును సమాన భాగాలు చేయడానికి పుల్లీ ముఖం మీద ఉండే చిల్లుల వరసలు (360, 192, 144, 120, 112, 96), కట్టర్‌ను పట్టి జరిపే స్లైడ్ రెస్ట్, చెక్కను పట్టే చక్కులు ఉన్నాయా చూడండి. అవి లేకపోతే మళ్లీ చేయించే ఖర్చు మిషన్ ధరను దాటిపోతుంది.

స్పిండిల్ తిరగట్లేదు

స్పిండిల్ అంటే పుల్లీని, చక్‌ను మోసే ఇరుసు. అది పట్టేస్తే తుప్పనుకుని సుత్తి తీయకండి. చాలాసార్లు పట్టేసేది ఎండి జిగురైన పాత నూనె. వెనక సెంటర్ స్క్రూ కాస్త వదులు చేసి, ముందు కాలర్ (స్పిండిల్ తిరిగే రింగు) సందులో డీజిల్, కిరోసిన్ చెరిసగం పోసి రెండు రోజులు వదిలేయండి. ఆ తర్వాత చేత్తో అటూఇటూ కదపండి. గ్యాస్ మంట చూపిస్తే ఉక్కు టెంపర్ పోతుంది, ఇక అది బాగుపడదు. కదిలాక స్క్రూ పట్టేదాకా బిగించి, వేలితో సాఫీగా తిరిగేంత మాత్రం వెనక్కి వదలండి. పలచటి మిషన్ ఆయిల్ చాలు. ఆముదం, కొబ్బరినూనె పోస్తే కథ మళ్లీ మొదటికే.

చక్ రెండు చుట్లు ఎక్కి ఇరుక్కుంటోంది

మర వేరు. హోల్ట్‌జాప్ఫెల్ స్పిండిల్ ముక్కు, అంటే చక్ ఎక్కే కొన, తరచూ అంగుళానికి 9.45 మరలతో ఉంటుంది, 10 మరల చక్ ఎక్కినట్టే ఎక్కి బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే పోయేది స్పిండిలే. పిచ్ గేజ్‌తో కొలిచి అడాప్టర్ కోయించండి. తిరుపతిలో మీరు వెళ్లే లేత్ షాపులో మర కోసేటప్పుడు పనిముట్టును నడిపే లీడ్ స్క్రూ అంగుళానికి 8 మరలదైతే, తిప్పే గేర్లు 40, 80, తిరిగే గేర్లు 63, 60 వేస్తే సరిగ్గా 9.45 వస్తుంది. 63 పళ్ల గేరు అందరి దగ్గరా ఉండదు, ముందే అడగండి.

డిజైన్లో చివరి కోత మొదటిదాన్ని కలవట్లేదు

పుల్లీ మీద 96 చిల్లుల వరసలో నాలుగేసి చిల్లులు దాటితే 24 కోతలు. ఒక్క చిల్లు తప్పితే 50 మి.మీ. వ్యాసార్థం దగ్గర 3.3 మి.మీ. తేడా వస్తుంది, అది లెక్క తప్పడమే. తేడా వెంట్రుకవాసి అయితే చెక్క జారిందో, చిల్లులో దిగి పుల్లీని ఆపే పిన్ను ఊగుతోందో తేల్చాలి. చెక్క నుంచి చక్ మీదికి పెన్సిల్ గీత గీయండి. కోతలయ్యాక గీత విరిగితే చెక్క జారినట్టు. గీత కలిసే ఉంటే, పిన్ను చిల్లులో ఉంచి డయల్ గేజ్ (సన్న కదలిక చూపే ముల్లు గేజ్) మొనను ఒక కోత పక్కగోడకు ఆనించి, చెక్కను రెండు వేళ్లతో అటూఇటూ తిప్పబోయినట్టు నొక్కండి. ముల్లు 0.1 మి.మీ. కదిలినా డిజైన్లో కనిపిస్తుంది. పిన్నును పట్టుకున్న స్ప్రింగ్ పట్టీ స్క్రూ బిగించి మళ్లీ చూడండి. అప్పటికీ ఊగితే పిన్ను మొన అరిగింది. సిల్వర్ స్టీలుతో (పనిముట్లు చేసే ఉక్కు) కొత్తది కోసుగా చేయించండి. చిల్లుల్లో డ్రిల్ మాత్రం పెట్టొద్దు. వేపపుల్ల కొన నమిలి కిరోసిన్‌లో ముంచి తిప్పితే మురికి వచ్చేస్తుంది. ఇత్తడికి ఎమరీ పేపరు తగిలిందా, అంకెలు చెరిగినట్టే. ఈ మిషన్లను తుప్పుకన్నా మెరిపించాలన్న మోజే ఎక్కువ పాడుచేస్తుంది.

కోత మెరవట్లేదు

ఇసుక కాగితం పట్టే పని కాదిది, మెరుపు కట్టర్ నుంచే రావాలి. పదును పెట్టాక ఇత్తడి పళ్లెం మీద నూనెరాయి పొడితో, ఆపైన ఇనప పళ్లెం మీద క్రోకస్ పొడితో (మెత్తటి ఎర్ర మెరుగు పొడి) దిద్దండి. అంకుడు కర్రలో పీచు లేస్తుంటే కట్టర్ ఇంకా మొద్దుగా ఉన్నట్టే. ఎర్రచందనం మీద కోత బాగా వస్తుంది గానీ, బిల్లు, అటవీశాఖ పర్మిట్ లేకుండా ముక్క కూడా కొనొద్దు.

బెల్టు జారుతోంది

పాత నరం తాడు అక్టోబరు, నవంబరు వానల తేమకు బిగువు మారుతుంది. 6 మి.మీ. గుండ్రటి పాలియురెథేన్ బెల్టు వేయండి. రెండు కొసలూ వేడి చాకుకు తాకించి, కరగగానే ఒకదానికొకటి నొక్కి పట్టి చల్లారేదాకా కదపకండి. ఉబ్బిన అంచు బ్లేడుతో కోసేయాలి. లేదంటే చుట్టుచుట్టుకూ టక్‌మని, ఆ దెబ్బ చెక్క మీద గీతై పడుతుంది.