గ్రైండింగ్ వీల్ డ్రెస్సింగ్ – 4వ పాఠం: డైమండ్‌ను ఎంత వేగంగా నడపాలి?

పోయిన పాఠంలో వీల్‌ను బ్యాలెన్స్ చేసి స్పిండిల్‌కు ఎక్కించాం. ఇవాళ సర్ఫేస్ గ్రైండర్ మీద, అల్యూమినియం ఆక్సైడ్ వీల్‌ను సింగిల్ పాయింట్ డైమండ్‌తో (ఒకే మొన ఉన్న వజ్రపు పనిముట్టు) డ్రెస్ చేద్దాం, అంటే వీల్ ముఖాన్ని పలుచగా చెక్కి మళ్లీ పదునెక్కిద్దాం. గార్డు, కళ్లద్దాలు మామూలే.

డైమండ్‌ను వీల్ తిరిగే దిశకు 10 నుంచి 15 డిగ్రీలు వాల్చి, కేంద్రం దాటాక కాస్త అవతల పెట్టండి. వీల్‌కు ఎదురు నిలబెడితే మొన గుచ్చుకుని అదురుతుంది. వాడిన వీల్‌కు అంచులు అరిగి మధ్యభాగం ఎత్తుగా ఉంటుంది కాబట్టి మొదట తాకించాల్సింది అక్కడే. ఒక్కో పాస్‌కు (డైమండ్ వీల్ ముఖాన్ని ఒకసారి దాటడానికి) 0.02 మి.మీ. లోతు చాలు, చివరిదానికి 0.01. కూలెంట్ పెడితే మొదటి నుంచీ ధారగా పడాలి, లేదంటే అసలు వద్దు. వేడెక్కిన డైమండ్ మీద మధ్యలో పోస్తే చిట్లిపోతుంది.

అసలు విషయం వేగం. మొన వీల్‌ను తాకే వెడల్పు 0.6 మి.మీ. అనుకుందాం. వీల్‌లోని ప్రతి చోటునూ మొన నాలుగుసార్లు తాకాలంటే, ఒక్కో చుట్టుకు 0.15 మి.మీ. జరగాలి. 1500 ఆర్‌పీఎం దగ్గర అది నిమిషానికి 225 మి.మీ. అంటే 25 మి.మీ. వీల్‌ను దాదాపు 7 సెకన్లలో దాటాలి. రఫింగ్‌కు (ముతక పనికి) మూడుసార్లు తాకితే సరి, 5 సెకన్లు. ఫినిషింగ్‌కు (నునుపు పనికి) ఆరుసార్లు, 10 సెకన్లు.

చాలామంది నెమ్మదిగా నడిపితే మంచిదనుకుంటారు. వీల్ ముఖం నున్నగా కనిపిస్తుంది, నిజమే. కానీ రేణువుల మొనలు చదునైపోయి, కోయడం మాని రుద్దడం మొదలెడతాయి. ఆ వేడికి జాబ్ (గ్రైండ్ చేసే ముక్క) మీద గోధుమరంగు మచ్చలు తేలతాయి. లోతు ఇవ్వకుండా ఊరికే మరో నాలుగు పాస్‌లు తిప్పినా అంతే. మచ్చ కనబడగానే వీల్ గ్రేడ్‌ను (గట్టిదనాన్ని) తిట్టే ముందు ఈ సెకన్లు చూసుకోండి.

ఇంకో చిక్కుంది. డైమండ్ అరిగేకొద్దీ మొన వెడల్పవుతుంది. అది 1.2 మి.మీ. అయిందంటే, అదే 7 సెకన్లలో ప్రతి చోటునూ ఎనిమిదిసార్లు తాకుతున్నట్టు! మీరు దేన్నీ కదపకపోయినా వీల్ మొద్దుబారిపోతుంది. అందుకే హోల్డర్‌లో డైమండ్‌ను అప్పుడప్పుడు ఎనిమిదో వంతు తిప్పి బిగించాలి.

అభ్యాసం: 5 సెకన్లకు డ్రెస్ చేసి ఒక ముక్క, 10 సెకన్లకు చేసి అలాంటిదే మరోటి, ఒకే లోతుతో గ్రైండ్ చేయండి. శబ్దం, రంగు, నునుపు రాసుకోండి. వచ్చే పాఠం సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ అనే అతి గట్టి రేణువుల) వీల్స్ మీద. వాటి దగ్గరికి ఈ డైమండ్‌ను తీసుకెళ్లకండి.