మేకపిల్ల చిక్కిపోతోందా? నట్టల మందు పోసే ముందు చూసుకోవాల్సినవి

మేకపిల్ల కాస్త డీలా పడితే చాలు, "నట్టల మందు పొయ్యి, అదే లేస్తది" అనే సలహా నలుగురూ ఇస్తారు. షాపు నుంచి సీసా తెచ్చి, పెద్దదానికీ చిన్నదానికీ ఒకే మూతతో పట్టించేస్తాం. కానీ పిల్ల చిక్కిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. అందులో నట్టలకే, అంటే కడుపులోని పురుగులకే, రకరకాలున్నాయి, కొన్నిటికి నట్టలతో సంబంధమే లేదు. అందుకే సీసా మూత తీసే ముందు రెండు పనులు చేయండి: కంటి రెప్ప లోపలి రంగు చూడండి, పెంటికలు ఎలా పడుతున్నాయో చూడండి.

కన్ను చూడటానికీ ఒక పద్ధతుంది. పగటి వెలుతురులో పిల్లను కాళ్ల మధ్య పట్టుకుని, ఒక బొటనవేలితో పై రెప్పను గుడ్డు మీదికి మెల్లగా నొక్కి, రెండో బొటనవేలితో కింది రెప్పను లాగితే లోపలి పొర బయటికొస్తుంది. చప్పున చూసి వదిలేయాలి, ఎక్కువసేపు పట్టుకుంటే ఆ ఒత్తిడికే ఎర్రబడి మోసం చేస్తుంది. ఎరుపు, ముదురు గులాబీ అయితే ఫర్వాలేదు. లేత గులాబీ అయితే వారం తర్వాత మళ్లీ చూడాలి. తెల్లగా ఉంటే ఆ రోజే వైద్యం. దక్షిణాఫ్రికాలో తయారైన ఫమాచా కార్డులో ఇవే రంగులు 1 నుంచి 5 దాకా అచ్చు వేసి ఉంటాయి.

కళ్లు తెల్లగా పాలిపోయాయి, దవడ కింద నీరు దిగింది, పారుడు మాత్రం లేదు

చాలామంది ఇక్కడే పొరబడతారు. పెంటికలు గుండ్రంగా, గట్టిగా పడుతున్నాయి కదా, నట్టలుండవనుకుంటారు. పిల్లల్ని ఎక్కువగా చంపే హీమాంకస్ అనే పురుగు సాధారణంగా పారుడు పెట్టించదు. అది నాలుగో పొట్టలో గోడకు పట్టుకుని రక్తం పీలుస్తుంది. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటరు తాగుతుంది. అలాంటివి వెయ్యి ఉంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోయినట్టే. పది కిలోల పిల్లలో ఉండే మొత్తం రక్తమే దాదాపు 700 మిల్లీలీటర్లు! రక్తంతో పాటు మాంసకృత్తులూ పోతాయి కాబట్టి దవడ కింద మెత్తటి సంచిలా నీరు దిగుతుంది. రోజంతా తల వంచి మేసి ఇంటికొచ్చిన సాయంత్రం ఆ వాపు బాగా కనిపిస్తుంది, తెల్లారేసరికి తగ్గినట్టుంటుంది. కాబట్టి సాయంత్రమే చూడాలి.

పరిష్కారం: ముందు తూకం. పిల్లను గోనె సంచిలో కూర్చోబెట్టి స్ప్రింగ్ కాటాకు వేలాడదీస్తే చాలు. మేక ఒంట్లో మందు గొర్రెలో కంటే త్వరగా ఖర్చయిపోతుంది, అందుకే గొర్రె మోతాదు మేకకు సరిపోదు. అల్బెండజోల్ అనే నట్టల మందు మేకలకు కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తే, 2.5 శాతం ద్రావణంలో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములుంటాయి కాబట్టి పది కిలోల పిల్లకు 4 మిల్లీలీటర్లు. మీ సీసా మీద శాతం వేరే ఉంటే లెక్క మారుతుంది, డాక్టరుతో సరిచూసుకోండి. లెవామిసోల్ అనే ఇంకో నట్టల మందు విషయంలో మరీ జాగ్రత్త. అది కాస్త ఎక్కువైనా ప్రమాదమే. చూడి కట్టిన మొదటి నెలలో ఉన్న మేకకు అల్బెండజోల్ పట్టకూడదు.

పట్టేటప్పుడు తల పైకెత్తి గొంతులో గుమ్మరించకండి, మందు ఊపిరితిత్తుల్లోకి పోతే నట్టలకంటే ముందు న్యుమోనియా చంపుతుంది. నోటి పక్క నుంచి సిరంజి పెట్టి, నాలుక వెనక్కి కొంచెం కొంచెంగా వదలాలి.

కళ్లు పూర్తిగా తెల్లబడిన పిల్లను మందతో తోలకండి. ఆ స్థితిలో దూరం నడిపిస్తే దారిలోనే కూలిపోతుంది. నీడన కట్టేసి, మేత దగ్గరికే తెచ్చివ్వండి. పురుగు చచ్చినా పోయిన రక్తం తిరిగి పట్టడానికి వారాలు పడుతుంది, దానికి వేరుశనగ చెక్క, పప్పుజాతి ఆకు కావాలి. ఐరన్ ఇంజెక్షన్ అవసరమా కాదా అనేది డాక్టరు చెబుతారు.

పారుడు పెడుతోంది

వయసు ముందు అడగాలి. మూడు వారాల నుంచి ఐదు నెలల లోపు పిల్లలు, ఇరుకు దొడ్డి, తడి నేల, జిగురుతోనో రక్తపు చారలతోనో పారుడు ఉంటే ముందుగా కాక్సిడియోసిస్‌ను అనుమానించాలి. దీనికి కారణం కంటికి కనపడని ఏకకణ జీవి. నట్టల మందు సీసా మొత్తం పోసినా దానికేం కాదు. సల్ఫా మందులు గానీ ఆంప్రోలియం గానీ డాక్టరు రాస్తారు, ఈలోగా ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు మాటిమాటికీ పట్టించాలి. దొడ్డి ఆరబెట్టకపోతే మళ్లీ వస్తుంది. మేత నేల మీద వేయడం మానేయండి, ఎందుకంటే పెంటికల మీద పడ్డ ఆకే పిల్లలు తింటాయి.

పారుడుతో పాటు జ్వరం, ముక్కు కళ్ల నుంచి చీమిడి, నోట్లో పుండ్లు ఉంటే అది పీపీఆర్ అనే అంటు వైరస్ జబ్బు కావచ్చు. మిగతా మంద నుంచి వేరు చేసి వెంటనే పశువుల ఆస్పత్రికి చెప్పండి, లేదా పశు వైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి. ఫంక్షన్‌లో మిగిలిన అన్నం తెచ్చి పోసిన మర్నాడు పుల్లటి వాసనతో పారుడు వస్తే అది అజీర్తి. అదీ ప్రమాదమే, కాకపోతే నట్టలది కాదు.

పెంటికల మీద తెల్లటి బియ్యపు గింజల్లాంటి ముక్కలు

బద్దె పురుగు. చూడగానే టెన్షన్ పడతారు గానీ, కనపడని హీమాంకస్‌తో పోలిస్తే ఇది చేసే నష్టం తక్కువే. ప్రాజిక్వాంటెల్, అల్బెండజోల్‌లలో ఏది వాడాలో డాక్టరు చెబుతారు.

బాన పొట్ట, నిక్కిన వెంట్రుకలు, ఎదుగుదల లేదు. కళ్లు మాత్రం ఎర్రగానే ఉన్నాయి

నా లెక్కలో "నట్టల పిల్లలు" అనిపించుకునేవాటిలో చాలావరకు ఆకలి పిల్లలే. పాలు ఇంటికి పితికేసుకుని, నెల తిరక్కుండానే పిల్లను ఎండుగడ్డికి వదిలితే పొట్ట సాగుతుంది, కండ పట్టదు. కొన్ని నట్టలున్నా బాగా తినే పిల్ల తట్టుకుంటుంది, ఆకలి పిల్ల అదే సంఖ్యకు పడిపోతుంది. మందు పురుగును చంపుతుందే తప్ప కండ పెట్టదు.

ఇది పుట్టిన రోజు నుంచే మొదలవుతుంది. ఈనిన గంట, రెండు గంటల్లో ముర్రుపాలు తాగించాలి. మొదటి రోజు మొత్తం మీద పిల్ల బరువులో పదో వంతు, అంటే రెండు కిలోల పిల్లకు 200 మిల్లీలీటర్లు. తర్వాత నెల దాకా రోజుకు అదే లెక్కన పాలు. కవల పిల్లల్లో బలహీనమైనదాన్ని రోజూ ముందు చీకనివ్వండి, బలమైనది ఎలాగూ తోసుకుని తాగుతుంది.

రెండో వారం నుంచి కొంచెం దాణా నాకించండి. పది కిలోల దాణాకు: మొక్కజొన్న రవ్వ 4 కిలోలు, వేరుశనగ చెక్క 3 కిలోలు, తవుడు 2.7 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. ఇందులో మాంసకృత్తులు 20 శాతం దాకా వస్తాయి. చెక్కకు బూజు వాసనుంటే పారేయండి, బేరం పోయిందని చూడకండి. చిటికెడుతో మొదలుపెట్టి మూడు నెలలకు రోజుకు 100 గ్రాములకు తేవాలి. తల్లులు దూరకుండా, పిల్లలు మాత్రమే దూరేంత సందుతో వెదురు తడిక కడితే దాణా పిల్లలకే దక్కుతుంది. పక్కన అవిశ, సుబాబుల్, మునగ, దశరథ గడ్డి కట్టలు వేలాడదీయండి. సుబాబుల్ మాత్రం మొత్తం పచ్చిమేతలో మూడో వంతు దాటనివ్వద్దు, దాటితే వెంట్రుకలు రాలతాయి.

గోడలు నాకడం, మట్టి తినడం కనిపిస్తే ఖనిజ లవణాలు తక్కువైనట్టు. ఉప్పు ఇటుక వేలాడదీయండి.

అన్నిటికంటే పుష్టిగా ఉన్న పిల్ల రాత్రికి రాత్రి చచ్చిపోయింది

చిటుక రోగం కావచ్చు. తొలకరికి లేచిన లేత గడ్డి, అలవాటు లేని దాణా ఒక్కసారిగా ఎక్కువ తిన్న పిల్లలకు వస్తుంది. దీనికి వానాకాలం ముందు వేయించే టీకాయే దారి.

మందు పోశాక బాగుంది, నెల తిరిగేసరికి మళ్లీ అదే

మొదటి అనుమానం మేకలు మేసే నేల మీద. వానాకాలంలో పెంటికలోని గుడ్డు వారంలోపే పిల్ల పురుగై తడి గడ్డి పోచ ఎక్కుతుంది, కడుపులోకి పోయిన మూడు వారాలకు తనే గుడ్లు పెడుతుంది. ఎక్కువ భాగం నేల నుంచి రెండంగుళాల లోపే ఉంటాయి. కాబట్టి మంచు ఆరాక తోలండి, కొరికేసిన పొట్టి గడ్డి మీద పిల్లల్ని వదలకండి, వీలైనంత చెట్టు ఆకు మేపండి. చెరువు కింద, వరి మళ్ల గట్ల మీద మేస్తుంటే నత్తల ద్వారా వచ్చే కాలేయపు జలగ (లివర్ ఫ్లూక్) సంగతీ డాక్టరుతో మాట్లాడాలి, దానికి మందు వేరు. తల్లినీ మరవకండి: ఈనే రోజుల్లో దాని పేడలో గుడ్లు పెరుగుతాయి, దొడ్డిలో పిల్లలకు అంటేది అక్కడి నుంచే.

రెండో అనుమానం మందుకు అలవాటుపడ్డ పురుగు. మందు పోసే రోజు ఒకసారి, పది నుంచి పద్నాలుగు రోజుల తర్వాత ఒకసారి, అవే పిల్లల తాజా పెంటికలు విడివిడి కవర్లలో పేడ పరీక్షకు తీసుకెళ్లండి. గుడ్లు 95 శాతం కూడా తగ్గకపోతే మోతాదైనా తప్పుండాలి, మందైనా పనిచేయకుండా పోయుండాలి. అప్పుడు అల్బెండజోల్ మానేసి ఫెన్‌బెండజోల్ తెస్తే మందు మార్చినట్టు కాదు, రెండూ ఒకే వర్గం. లెవామిసోల్, ఐవర్‌మెక్టిన్, క్లోసాంటెల్ వేరే వర్గాలవి. వాటిలో మీ మందకు ఏది సరిపోతుందో ఆ రెండు పరీక్షల కాగితాలు పెట్టి డాక్టరును అడగండి.