వాడకట్టు సంఘం ఎలా కట్టాలి? ఇంటి భద్రతకూ గల్లీ వ్యాపారానికీ వరంగల్‌లో చేయదగిన పని

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లోకి అడుగు పెడితే ముందు మగ్గం కనిపిస్తుంది, దాని వెనుక పొయ్యి, ఆ పక్కనే పిల్లలు పడుకునే చోటు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా ఆ గది పైకప్పు కారితే నూలు, బియ్యం ఒకేసారి తడుస్తాయి. ముందు గదిలో కిరాణం నడిపే కుటుంబానికీ, సాయంత్రం మిర్చీల బండి పెట్టి రాత్రికి సామానంతా ఇంట్లోనే సర్దుకునే దంపతులకూ ఇదే పరిస్థితి. మన వాడకట్టుల్లో ఇల్లు ఒకటి, బతుకుదెరువు ఒకటి అని విడిగా ఉండవు. అందుకే ఇళ్ల సమస్యకు ఒక సంఘం, దుకాణాలకు మరో సంఘం అని చీల్చుకోకుండా, రెండింటినీ ఒకే సంఘం పట్టించుకోవాలని నేను నమ్ముతాను. ఆ సంఘాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ వరుసలో నడిపించాలో ఈ వ్యాసంలో చెబుతాను.

మొదటి అడుగు: హద్దు గీయండి, అందరినీ పిలవండి

డివిజన్ మొత్తాన్ని ఒకేసారి కలపాలని చూడకండి. గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థలో 66 డివిజన్లు ఉన్నాయి, ఒక్కో డివిజన్‌లో ఎన్నో వాడకట్టులు ఉంటాయి. ఒకే మోరీలోకి నీళ్లు వదిలే, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉండే రెండు మూడు గల్లీలు మొదటి ఏడాదికి చాలు, ఎందుకంటే వారి కష్టం ఒకటే కాబట్టి వారు కలిసి నిలబడతారు.

తొలి సమావేశానికి ఇంటి యజమానులు మాత్రమే వస్తే అది కాలనీ సంఘం అవుతుంది తప్ప వాడకట్టు సంఘం కాదు. అద్దెకు ఉండేవారిని, బండ్ల మీద అమ్ముకునేవారిని, ఒంటరిగా ఉండే ముసలివారిని ఇంటింటికీ వెళ్లి పిలవాలి. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద నడిచే మహిళా పొదుపు గ్రూపులు, వాటి సమాఖ్య ఇప్పటికే ఉన్న చోట, ఆ గ్రూపు లీడర్లతోనే పని ప్రారంభించడం మంచిది. నెలనెలా కూర్చోవడం, లెక్క రాయడం, అందరి ముందు చదవడం వారికి అలవాటైన పని. సమావేశం రాత్రి ఎనిమిది గంటల తర్వాత పెడితే బండి వారు రాలేరు, పొద్దున పెడితే కూలికి పోయేవారు రాలేరు. మీ వాడకట్టు తీరును బట్టి వేళ పెట్టుకోండి, అవసరమైతే రెండు పూటలా పెట్టండి.

రెండో అడుగు: ఇంటింటి రిజిస్టరు

ఈ పనిలో అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. మోరీ తీయించమనో, పట్టాలు ఇప్పించమనో ఉత్త చేతులతో అధికారి దగ్గరికి వెళితే ఆయన ఒక దండం అందుకుని మరచిపోతారు. అదే 84 ఇళ్లలో 31 రేకుల కప్పులు, వాటిలో 12 ఈ వానాకాలం దాటవు, 2020 ఆగస్టు వరదలో ఈ గోడ మీద ఇంతవరకు, 2023 జూలై వరదలో ఇంతవరకు నీళ్లు వచ్చాయి అని రాసి ఉన్న పుస్తకం బల్ల మీద పెడితే మాట తీరే మారుతుంది. (ఈ అంకెలు ఉదాహరణకు చెప్పినవి, మీ అంకెలు మీరే లెక్కించుకోవాలి.)

ఒక పొడవాటి రిజిస్టరు పుస్తకం కొని, ఒక్కో ఇంటికి ఒక పేజీ కేటాయించండి. గోడలు మట్టివా ఇటుకవా, కప్పు పెంకులా రేకులా స్లాబా, మరుగుదొడ్డి ఇంటిదా ఉమ్మడిదా, నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుంది, కరెంటు తీగ గోడకు తగులుతోందా, ఎర్తింగు ఉందా, గ్యాస్ సిలిండర్ ఎక్కడ ఉంటుంది అన్నవి కంటితో చూసి రాయవలసినవి. అద్దె ఎంత, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, రాతకోతలు ఉన్నాయా అన్నవి అడిగి రాయవలసినవి. ఇంట్లో వ్యాపారం ఉంటే ఏమి అమ్ముతారు, సరుకు ఎక్కడి నుంచి తెస్తారు, లైసెన్సు ఉందా, పెట్టుబడికి అప్పు ఎవరిది అన్నది కూడా అదే పేజీలో రావాలి. గిరిగిరి వ్యాపారికి (రోజువారీ వసూలు మీద అప్పు ఇచ్చే వడ్డీ వ్యాపారికి) రోజూ కట్టే సొమ్ము ఎంతో చాలామంది మొదటిసారి చెప్పరు. వారిని బలవంతపెట్టకండి, నమ్మకం కుదిరాక వారే చెబుతారు.

వరద గుర్తుల గురించి ఇంకొంచెం చెప్పాలి. హనుమకొండలో నయీంనగర్ నాలా చుట్టుపక్కల, సమ్మయ్యనగర్, వరంగల్ వైపు ఎన్టీఆర్ నగర్ వంటి లోతట్టు కాలనీల్లో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడలే చెబుతాయి. ప్రతి ఇంటి గుమ్మం నుంచి ఆ గుర్తు వరకు టేపుతో కొలిచి, ఏ ఏడాదిదో రాసి, ఫోటో తీసి పెట్టండి. 2023 జూలై చివర భద్రకాళి చెరువు కట్టకు గండి పడిన రోజున ముందుగా ఎవరిని ఎటు తరలించాలో తెలియక జనం పడిన హైరానాను తలచుకుంటే, ఈ కొలతలు ప్రాణాలు కాపాడేవని నాకు అనిపిస్తుంది. మంచాన పడ్డవారు, చంటిపిల్లల తల్లులు ఏ ఇంట్లో ఉన్నారో కూడా గుర్తు పెట్టుకోవాలి.

రాసేటప్పుడు ఒక నియమం పాటించండి. ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు రిజిస్టరులోకి ఎక్కించవద్దు. జాగా కాగితాల వివరాలు ఆ ఇంటివారి అనుమతి లేకుండా బయట చదవవద్దు. ఒకరి పట్టా లేనితనం ఇంకొకరి నోట కబుర్లుగా మారితే ఆ ఇంటివారు సంఘానికి దూరమవుతారు. అధికారులకు ఇచ్చేది మొత్తం అంకెలే గానీ పేజీలు కావు.

మూడో అడుగు: జాగా ఏ రకమో తేల్చుకోండి

ఇళ్ల గురించి ఏ దరఖాస్తు పెట్టాలన్నా ముందు కింద ఉన్న నేల ఎవరిదో తెలియాలి. రిజిస్ట్రేషన్ అయిన దస్తావేజు ఉన్న ఇల్లు, ప్రభుత్వం ఇచ్చిన పట్టా ఉన్న ఇల్లు, నోటరీ కాగితం మీద చేతులు మారిన ఇల్లు, ఏ కాగితమూ లేని ఇల్లు ఒకే గల్లీలో పక్కపక్కనే ఉంటాయి. ఇంటి పన్ను రసీదు గానీ కరెంటు బిల్లు గానీ అక్కడ నివాసం ఉన్నట్టు చూపుతాయి తప్ప హక్కును ఇవ్వవు; నోటరీ కాగితమూ అంతే. ఈ సంగతి సమావేశంలో స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఆ కాగితాన్ని నమ్మి అప్పు చేసి గోడలు లేపినవారు చాలామంది ఉంటారు.

ప్రభుత్వ భూమిలో ఏళ్లుగా ఉంటున్న పేదలకు 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు జీవో కింద 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించారు. ఆనాడు దరఖాస్తు పెట్టి ఆగిపోయినవారి రసీదులన్నీ ఒకచోట చేర్చి, ఒక్కొక్కటి ఏ దశలో ఆగిందో తహసీల్దార్ కార్యాలయంలో అడిగి రాసుకోండి.

చెరువు శిఖం (చెరువు నీరు నిలిచే భూమి), నాలా అంచు మాత్రం వేరు సంగతి. రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు పైబడిన చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే మేర) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుల నుంచి 9 మీటర్లు, 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాల నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్న కాలువల నుంచి 2 మీటర్లు వదలాలి. ఆ హద్దులో ఉన్న కుటుంబానికి మీకు పట్టా ఇప్పిస్తామని సంఘం మాట ఇవ్వకూడదు. అక్కడ అడగవలసింది ఖాళీ చేయించే ముందే ప్రత్యామ్నాయ ఇల్లు, అది కూడా వారి పని దొరికే చోటికి దగ్గరలో. చేదుగా ఉన్నా నిజం చెప్పిన సంఘాన్నే జనం కష్టకాలంలో నమ్ముతారు.

కూల్చివేత నోటీసు వస్తే ఆ రోజే దాని మీది తేదీ, సంతకం చూసి నకలు తీసుకోండి. కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వకుండా కట్టడాలు కూల్చరాదని సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న చెప్పింది. అయితే రోడ్డు, కాలిబాట, జలవనరుల వంటి బహిరంగ స్థలాల ఆక్రమణలకు ఆ తీర్పు వర్తించదని కూడా చెప్పింది. మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో జిల్లా న్యాయసేవాధికార సంస్థ న్యాయవాదితో చూపించుకోండి. మహిళలకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది; ఫోన్ నంబరు 15100.

నాలుగో అడుగు: ఏ పనికి ఏ గడప?

వేలాడే తీగలు, ఒరిగిన స్తంభాలు కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ పని. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. మోరీలు, వీధి దీపాలు, చెత్త నగరపాలక సంస్థవి. జాగా హద్దులు రెవెన్యూవి. ఒకే దరఖాస్తులో అన్నీ కలిపి రాస్తే అది ఏ బల్ల మీదా నిలవదు, కాబట్టి ఒక్క సమస్యకు ఒక్క కాగితం రాయండి. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకుని రిజిస్టరులో అంటించండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, ఇవ్వకుంటే మొదటి అప్పీలుకు వెళ్లవచ్చు. "మా మోరీ ఎప్పుడు చేస్తారు?" అని కాకుండా, "మా గల్లీ మోరీకి మంజూరైన పని అంచనా ప్రతి, టెండరు తేదీ, పూర్తి చేయవలసిన గడువు ఇవ్వగలరు" అని అడగాలి. అక్కడ ఉన్న కాగితాన్ని అడిగితేనే కాగితం వస్తుంది.

2019 తెలంగాణ పురపాలక చట్టం ప్రతి వార్డుకూ (మన దగ్గర డివిజన్ అంటాం) యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలంటుంది, ఒక్కొక్కదానిలో 15 మంది. మీ డివిజన్‌లో వాటిలో ఎవరున్నారో కనుక్కోండి. నీళ్లు, పారిశుద్ధ్యం, కరెంటు వంటి సేవల తగాదాలను శాశ్వత లోక్ అదాలత్ ముందుకు తీసుకెళ్లే దారి కూడా ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఐదో అడుగు: ఇల్లు బాగుపడితే అద్దె పెరగకుండా

సొంత జాగా ఉండి ఇల్లు లేనివారికి ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షల రూపాయల సాయం పని సాగేకొద్దీ విడతలుగా వస్తుంది. పునాది వేసే సొమ్ము చేతిలో లేక ఆగిపోయేవారికి పొదుపు గ్రూపు అప్పు ఇప్పించడం, ఒకే మేస్త్రీతో నాలుగైదు ఇళ్లు కలిపి మాట్లాడుకుని ఇసుక, ఇటుక ఒకేసారి తెప్పించడం సంఘం చేయగల పని.

అద్దె ఇళ్ల విషయంలో మాత్రం ఎక్కువ జాగ్రత్త కావాలి. సంఘం కష్టపడి మోరీ, సీసీ రోడ్డు, వీధి దీపాలు తెప్పించుకున్న మరుసటి నెలలోనే యజమాని అద్దె పెంచితే, సభలకు వచ్చి సంతకాలు పెట్టిన కుటుంబమే గల్లీ వదిలిపోవలసి వస్తుంది. ఇది అన్యాయమని నేను గట్టిగా అంటాను. కాబట్టి పని మంజూరు కాకముందే యజమానులను కూర్చోబెట్టి, ఇన్ని సంవత్సరాల వరకు ఇంతకు మించి పెంచబోమని కాగితం రాయించుకోండి. దానికి బదులుగా కిరాయిదారులు అర్రలకు సున్నం, చిన్న మరమ్మతులు తమ చేతుల మీద చేసిపెడతామని ఒప్పుకోవచ్చు. కిరాయి ఒప్పందం రాతలో ఉండాలి, ప్రతి నెలా రసీదు ఉండాలి, కరెంటు మీటరు రీడింగు ఇద్దరూ కలిసి చూడాలి. ఈ మూడు అలవాట్లతోనే సగం తగాదాలు పుట్టకుండా ఆగిపోతాయి.

ఆరో అడుగు: బండి, దుకాణం

వీధి వ్యాపారులకు 2014లో వచ్చిన కేంద్ర చట్టం పెద్ద అండ. సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేవరకు అప్పటికే అమ్ముకుంటున్నవారిని తొలగించరాదని, చోటు మార్చాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని అది చెబుతుంది. సామాను పట్టుకుపోతే జాబితా రాసి ఇవ్వాలి. కూరగాయలు, పండ్ల వంటి పాడయ్యే సరుకును అడిగిన రోజే, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. పట్టణ వీధి వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్నవారు ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు. మీ వాడకట్టు బండ్ల వారిలో ఎవరికి గుర్తింపు కార్డు ఉందో, ఎవరికి లేదో రిజిస్టరు చూసి ఒకే జాబితాగా నగరపాలక సంస్థకు ఇవ్వండి. కార్డు ఉంటే వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి పథకం అప్పుకు దారి తెరుచుకుంటుంది. సమయానికి తీరిస్తే అందులో 7 శాతం వడ్డీ రాయితీ ఉంది, కాబట్టి గిరిగిరి అప్పు నుంచి బయటపడటానికి అది మంచి మెట్టు.

చట్టం ఒక్కటే గిరాకీ తేదు. దుకాణం ముందు మోరీ మీద బండ సరిగ్గా ఉందా, సాయంత్రం వెలుతురు ఉందా, బండి నిలుపుకునే చోటు ఉందా, ఆడవాళ్లు రాత్రి తొమ్మిది దాకా నిస్సంకోచంగా నడవగలరా అన్నవే కొనేవారిని రప్పిస్తాయి. దుకాణదారులు, బండ్ల వారు ఒకరినొకరు అడ్డంగా చూడటం మన దగ్గర తరచూ కనిపిస్తుంది. గల్లీ మూలలో ఎన్ని బండ్లు, ఏ వేళ నుంచి ఏ వేళ వరకు, చెత్త బుట్ట ఎవరు పెట్టాలి అన్నది కలిసి రాసుకుని నేల మీద సున్నంతో గీత గీస్తే, వారిద్దరూ ఒకరికొకరు గిరాకీ తెచ్చుకుంటారు.

సీజను లెక్క కూడా వేసుకోండి. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి పూలు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు ముందు వారాల్లో బెల్లం, కొబ్బరికాయలు. అప్పుడు వరంగల్ మీదుగా వెళ్లే జనం లెక్కకు అందరు. ఆ గిరాకీకి పెట్టుబడి రెండు నెలల ముందే గ్రూపు నుంచి అందితే, ఆఖరి వారంలో రోజు వడ్డీకి పరుగెత్తవలసిన పని ఉండదు. పదిమంది కలిసి వరంగల్ టోకు మార్కెట్ బీట్‌బజార్‌లో ఒకే లారీ సరుకు మాట్లాడుకుంటే ధర కూడా దిగుతుంది.

ఏడో అడుగు: సొమ్ము, సంతకం

నెలకు 20 రూపాయల చందా అయినా సరే, రసీదు ఇవ్వాలి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో సంఘాన్ని నమోదు చేయించవచ్చు. అలా చేస్తే సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా తెరవవచ్చు. ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ, ఒకరు కిరాయిదారు అయితే మరీ మంచిది. లెక్క ప్రతి నెలా వేపచెట్టు కిందో, సామాజిక భవనంలోనో బిగ్గరగా చదవాలి. ఎన్నికల వేళ అన్ని పార్టీల వారినీ పిలిచి రిజిస్టరు అంకెలు వారి ముందు పెట్టండి, ఏ ఒక్కరి జెండా కిందా సంఘం పేరు వెళ్లనివ్వకండి.

ఇక ప్రతి మే నెలలో రిజిస్టరు మళ్లీ తెరిచి ఇంటింటికీ తిరగండి. వానలు జూన్‌లో మొదలయ్యేలోగా మోరీ పూడిక తీసే పనికి దరఖాస్తు పడాలి, బలహీనమైన కప్పుల జాబితా అధికారులకు అందాలి, వరద వస్తే ఏ బడిలో తలదాచుకోవాలో గల్లీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. కొత్తగా కిరాయికి వచ్చిన కుటుంబానికి ఆ నెలలోనే ఒక పేజీ కేటాయించండి.