ఆఫర్ లెటర్ చదవడం, 4వ పాఠం: ఆ 550 మోసం కాదు

పోయిన పాఠంలో 'నెలకు చేతికెంత వస్తుంది' అని ఇచ్చిన లెక్కకు ఎక్కువమంది 23,000 అని రాశారు. తప్పు. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) మొదలుపెట్టేముందు దాని సంగతి తేల్చుకుందాం.

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఆఫీసు. ఏడాదికి 3 లక్షల సీటీసీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు), బేసిక్ 15,000, వేరియబుల్ ఏడాదికి 12,000. మీరు 12తో భాగించి, 25,000లోంచి మీ పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 తీసేసి ఊరుకున్నారు. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800 కూడా ఆ 25,000లోదే. గ్రాట్యుటీ 722 (బేసిక్‌లో 4.81 శాతం) కూడా అందులోదే, పర్మినెంటు ఉద్యోగికి మామూలుగా ఐదేళ్లు నిండితేగానీ అది రాదు. వేరియబుల్ వెయ్యి టార్గెట్ కొడితేనే. ఇవన్నీ పోతే గ్రాస్ (మీ కోతలకు ముందు జీతం) 21,478, చేతికి 19,478.

నేను ఇంత లెక్క వెయ్యను. బేసిక్ 15,000 ఉంటే నెల సీటీసీలోంచి వేరియబుల్, ఆపైన 4,522 (రెండు పీఎఫ్‌లు, గ్రాట్యుటీ, వృత్తి పన్ను కలిపి) తీసేస్తాను, అంతే. కొన్ని కంపెనీలు పీఎఫ్ నిర్వహణ ఖర్చు, బీమా కలిపి ఇంకో 150 కూడా ఇందులోకే తోస్తాయి. అనెక్షర్ (సీటీసీని విడివిడిగా చూపే కాగితం) అడిగి తీసుకోండి.

ఇక అసలు చికాకు. 'పాస్‌బుక్‌లో కంపెనీ వాటా 550 మాత్రమే పడింది, మిగతాది మింగేశారు' అని ప్రతిసారీ ఎవరో ఒకరు గొడవకు దిగుతారు. ఎవరూ మింగలేదు. బేసిక్ మీద కంపెనీ కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ ఖాతాకు పోతుంది. 15,000 మీద అది 1,250. మిగిలిన 550 పీఎఫ్‌లో పడుతుంది. పాస్‌బుక్‌లో మూడు గడులుంటాయి: మీది 1,800, కంపెనీది 550, పెన్షన్ 1,250. మూడో గడి చూడకుండా హెచ్ఆర్ మీద ఎగరకండి. ఆ గడి ఖాళీగా ఉండి, రెండో గడిలో 550 మాత్రమే ఉంటే అప్పుడు అడగండి. నెలల తరబడి మూడూ ఖాళీగా ఉండి, పేస్లిప్‌లో మాత్రం కటింగ్ కనిపిస్తే అది మోసమే. ఈపీఎఫ్‌ఓకు (పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ) ఫిర్యాదు పెట్టండి.

ఈఎస్ఐ రెండు ముక్కల్లో: గ్రాస్ 21,000 దాటకపోతే అందులో మీది 0.75 శాతం, కంపెనీది 3.25 శాతం. పైసలుంటే పై రూపాయికి సర్దుతారు.

అభ్యాసం: ఆటోనగర్‌లో ఒక షెడ్డువాళ్లు పీఎఫ్, ఈఎస్ఐ ఏమీ లేకుండా 20,000 చేతికిస్తామన్నారు. గుంటూరు బ్రాడీపేటలో ఇంకో ఆఫీసు గ్రాస్ 20,900 అంది. బేసిక్ 15,000, వేరియబుల్ లేదు. రెండో దాని నెల సీటీసీ ఎంత, చేతికెంత, పీఎఫ్‌లో నెలకెంత చేరుతుంది? చేతికొచ్చేది 18,743 రాకపోతే ఈఎస్ఐ దగ్గర మళ్లీ చూడండి.