విత్తన బంగాళాదుంప, మూడో పాఠం: ఒక మొక్కను వేలుగా పెంచే దారులు

క్రితం పాఠంలో కొసచిగురు నుంచి వైరస్ లేని మొక్కను పరీక్షనాళికలో తీశాం. ఇప్పుడు దాన్ని వేలాదిగా పెంచాలి. ఏ దారిని తూచినా రెండు ప్రశ్నలు వేసుకోండి. మొక్కకు ఎన్ని దుంపలు? రైతుకు చేరేలోపు ఆ విత్తనం ఎన్ని పంటకాలాలు ఆరుబయట గడుపుతుంది? నా దృష్టిలో రెండోదే ముఖ్యం.

దుంపనే నాటి దుంప తీసే పాత పద్ధతిలో ఏటా ఆరు నుంచి ఎనిమిది రెట్లే పెరుగుతుంది. అందువల్ల విత్తనం ఏళ్ల తరబడి పొలంలోనే తిరగాలి. పేనుబంక తెచ్చిన వైరస్ దుంపలో చేరి మరుసటి పంటకూ వెళుతుంది. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ దీనికి సీడ్ ప్లాట్ పద్ధతిని రూపొందించింది. ఉత్తర మైదానాల్లో పేనుబంక తక్కువగా ఉండే అక్టోబరు, డిసెంబరు మధ్య పంట పెంచి, వంద ఆకులకు 20 పురుగులు కనిపించేసరికి, వైరస్ దుంపల్లోకి దిగకుండా మొక్కల పైభాగం కోసేస్తారు. తొక్క గట్టిపడ్డాకే దుంపలు తవ్వుతారు. జహీరాబాద్ రైతులు ఉత్తరాది విత్తనం నాటుతారు కనుక, అక్కడ ఆ కోత ఆలస్యమైతే నష్టం ఇక్కడి పొలంలో బయటపడుతుంది.

పరీక్షనాళికలో పెరిగిన ఆ మొక్కను, అంటే టిష్యూ కల్చర్ మొక్కను, మూడు నాలుగు వారాలకొకసారి కణుపుల దగ్గర ముక్కలు చేస్తే ప్రతి ముక్కా మొక్కవుతుంది. వాటిని నెట్‌హౌస్‌లో, అంటే పురుగులు చొరకుండా వల కట్టిన పందిరిలో, నాటితే ఒక్కోదానికి సుమారు 8–10 మినీ దుంపలు (చిన్న విత్తన దుంపలు) వస్తాయి. ఏరోపోనిక్స్‌లో 35–60 వరకు తీయవచ్చు. అందులో వేళ్లు చీకటి పెట్టెలో వేలాడుతుంటే పోషకద్రవాన్ని పొగమంచులా చిమ్ముతారు. తగిన సైజుకొచ్చిన దుంపలను ఎప్పటికప్పుడు కోసుకోవచ్చు. మట్టి తగలదు కాబట్టి నేల తెగుళ్ల బెడద తక్కువ. అయితే కరెంటు పోయి పిచికారీ ఆగితే వేళ్లు త్వరగా వాడిపోతాయి. జనరేటర్ లేకుండా దీని జోలికి వెళ్లవద్దు.

చిన్న నర్సరీ పెట్టేవారికి నేను చెప్పేది కొసకొమ్మల నారు. టిష్యూ కల్చర్ తల్లిమొక్కల కొసలు తుంచి, కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో వేళ్లు తెప్పించి నాటడమే. కర్ణాటకలోని హాసన్ ప్రాంతంలో ఈ నారు రైతులకు అందుతోంది. ఖరీదైన పెట్టెలు, పంపులు అక్కర్లేదు. నాటిన తొలి రోజుల్లో మాత్రం నీటి తడి తప్పకూడదు.

అభ్యాసం: వరుసల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు వదిలితే ఎకరాకు సుమారు 33,000 దుంపలు పడతాయి. మొక్కకు 8 వచ్చే నెట్‌హౌస్‌లో ఎన్ని మొక్కలు కావాలి? 40 వచ్చే ఏరోపోనిక్స్‌లో ఎన్ని? లెక్క కట్టి, జవాబు పక్కన మీ ఊళ్లో రోజుకు కరెంటు ఎన్ని గంటలు ఉంటుందో కూడా రాసుకోండి. నాలుగో పాఠంలో ఖర్చుల లెక్క అక్కడినుంచే మొదలుపెడదాం.