కాలవ గట్టు మీద ఇరవై నిమిషాలు

మా వాడికి తొమ్మిదేళ్లు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేకపోయే సమస్య అని నిరుడు కాకినాడలో పిల్లల డాక్టరుగారు తేల్చారు. సాయంత్రం పుస్తకం ముందు కూర్చోబెడితే లెక్క సగంలోనే లేచిపోయేవాడు. "హోంవర్కు అయ్యేదాకా ఆటల్లేవు" అనేదాన్ని. నేను అరవడం, వాడు ఏడవడం.

డాక్టరుగారు ఆ వరస తిరగెయ్యమన్నారు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 8 నుంచి 10 ఏళ్ల పిల్లలు 40 మందితో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. అందులో సగం మందికి ఏడీహెచ్‌డీ. 20 నిమిషాలు కూర్చుని చదివిన తర్వాత కంటే, అంతసేపు ట్రెడ్‌మిల్ మీద నడిచాకే వాళ్లు చదివింది బాగా అర్థం చేసుకున్నారు, లెక్కలూ బాగా చేశారు.

మా అమలాపురం పక్క పల్లెలో ట్రెడ్‌మిల్ ఎక్కడిది? కాలవ గట్టుంది. బడి నుంచి రాగానే రెండు అరిటిపళ్లు తిని లాకుల దాకా పరుగూ నడకా. నీళ్లవైపు నేనే ఉంటాను. రొప్పు రావాలి, కానీ మాట్లాడగలగాలి.

మొదటి వారం ఫలితం లేదు. ఇంటికొచ్చి స్నానం, టీవీ అయ్యేసరికి గంట గడిచిపోయేది. ఇప్పుడు కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, వెంటనే పుస్తకం. ముసురు పట్టిన రోజు వరండాలో తాడాట.

మందు మానలేదు, డాక్టరుగారు మానొద్దన్నారు కూడా. అయిదు నిమిషాలు కూర్చోలేనివాడు ఇప్పుడు చాలా రోజులు ఇరవై నిమిషాలు కూర్చుంటున్నాడు. నిన్న ఎక్కాల లెక్క తనే పూర్తిచేసి, "అమ్మా, చూడు" అని పలక నా ఒళ్లో పెట్టాడు.