పరాయి దేశపు సైన్యంలో అసువులు బాసిన మన పిల్లవాడి జీవితాన్ని రాసిపెట్టే తీరు

నల్లగొండ పల్లె నుంచి అమెరికా వెళ్లి, గ్రీన్‌కార్డుతోనే అక్కడి సైన్యంలో చేరి, యుద్ధంలో మరణించిన యువకుడి గురించి ఆ సైన్యం భద్రపరిచే కాగితాలు అతడు యూనిఫాం తొడిగిన నాటి నుంచి మొదలవుతాయి. అంతకుముందు ఊళ్లో గడిచిన ఏళ్లు ఇంటివాళ్ల జ్ఞాపకంలో తప్ప మరెక్కడా ఉండవు. అందుకే మరణవార్తతో కాకుండా, ఇంట్లో అందరికంటే పెద్దవారితో పని మొదలుపెట్టాలి.

నాయనమ్మ పక్కన కూర్చుని, ఆమె మాటలను ఫోన్లో రికార్డు చేయండి. దుఃఖం పొంగితే ఆపి, మరునాడు మళ్లీ వెళ్లండి. "వాడు ఎట్లాంటోడు?" అని అడిగితే "బంగారమసొంటి పిల్లగాడు" అన్న ఒక్క మాటే వస్తుంది. "బడి నుంచి రాంగనే ఏం జేసెటోడు, నాయనమ్మా?" అని అడిగితే, జొన్నరొట్టెలో కారం చుట్టుకుని, నములుకుంటూనే బర్రెల వెంట చెరువుకట్ట మీదికి పోయిన పిల్లవాడు కళ్లముందు నిలుస్తాడు. ఆమె పలుకును దిద్దకుండా ఉన్నదున్నట్టే రాయాలని నా గట్టి అభిప్రాయం.

తేదీల విషయంలో నిదానం అవసరం. మన పల్లెల్లో చాలామందికి బడిలో సారు వేసిన పుట్టినరోజే పదో తరగతి మెమోలోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి, చివరికి సమాధి రాతి మీదికి చేరుతుంది. పీర్ల పండుగ తెల్లారి పుట్టాడని తల్లి అంటే, ఆ ఏటి క్యాలెండరు వెతికి, రెండు తేదీలనూ రాయండి. మనం ముందు రాసే ఇంటిపేరు అక్కడి కాగితాల్లో చివరికి పోతుంది కనుక పేరును రెండు విధాలుగానూ నమోదు చేయండి.

సైనిక సేవా దస్త్రం కోసం సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది దస్త్రాల కేంద్రానికి స్టాండర్డ్ ఫామ్ 180 పంపాలి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, మళ్లీ పెళ్లి చేసుకోని జీవిత భాగస్వామి, పిల్లలు మాత్రమే దగ్గరి బంధువుల కింద లెక్క. మేనమామ, బాబాయి ఆ లెక్కలోకి రారు. పౌరసత్వం రాకముందే మరణించి ఉంటే, మరణానంతర పౌరసత్వానికి ఎన్-644 దరఖాస్తును మరణించిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపు దాఖలు చేయాలి.

అతడు ఎలా మరణించాడో సైన్యం ఇచ్చిన నివేదికలో ఉన్నంతవరకే రాయండి. చివరి క్షణాల్లో ఏమనుకున్నాడో ఊహించి అతని నోట మాటలు పెట్టడం ఆ బిడ్డకు అన్యాయం చేయడమే.

2020లో గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబుకు సూర్యాపేటలో విగ్రహం ఉంది. వేరే జెండా కింద పోయిన పిల్లవాడికి ఊరి కూడలిలో అలాంటి గుర్తు దక్కకపోవచ్చు, కానీ పెత్రమాస ఉంది. ఆ రోజు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు అతని పేరు కూడా చెప్పి, రాసిన పుటల్లో ఒకటి చదవండి. నాయనమ్మ మధ్యలో ఆపి "గట్ల గాదు బిడ్డా" అంటే, అక్కడే పెన్ను తీసి సరిదిద్దండి.